పాత విమానం యాడ్-ఆన్: సపోర్ట్ తలనొప్పి డిజైన్ రోజే మొదలవుతుంది

ఫ్లైట్ సిమ్యులేటర్‌కి, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే సాఫ్ట్‌వేర్‌కి, విడిగా కొని కలుపుకునే పాత విమానాలు (యాడ్-ఆన్‌లు) తయారుచేసి అమ్మేవాళ్లకి వచ్చే కంప్లైంట్లు ఎప్పుడూ ఒకే తరహాలో ఉంటాయి. "ఇంజిన్ స్టార్ట్ కావట్లేదు", "రన్‌వే మీద ఎడమకి లాగేస్తోంది", "నిన్న బాగానే ఎగిరింది, ఇవాళ పొగలు కక్కుతోంది". మూడూ బగ్‌లే కావచ్చు. ఒక్కటీ బగ్ కాకపోనూ వచ్చు, ఎందుకంటే 1940ల నాటి అసలు విమానం కూడా దాని పద్ధతి ప్రకారం నడపకపోతే ఇవే పనులు చేసేది. కొత్త తరం జెట్ చేసేవాళ్లకి ఈ గొడవ తక్కువ. అక్కడ స్క్రీన్ మీద అంకె తప్పొస్తే తప్పే, మాన్యువల్ తెరిచి చూపిస్తే వాదన అయిపోతుంది. పాత విమానం దగ్గరికొచ్చేసరికి ఏది తప్పో, ఏది దాని స్వభావమో తేల్చడంలోనే సపోర్ట్ పని సగం గడిచిపోతుంది. ఆ పని ఎంత బరువవుతుందన్నది మాత్రం విమానం అమ్మకానికి పెట్టకముందే, మొదటి నెలల్లో తీసుకున్న మూడు నాలుగు నిర్ణయాలతో తేలిపోతుంది.

అందులో మొదటిది, ఏ విమానం చేస్తున్నాం అన్నది. పేరు చెప్పేస్తే జవాబు దొరికినట్టు కాదు. డగ్లస్ కంపెనీ వాళ్ల రెండు ఇంజిన్ల ప్రయాణికుల విమానం డీసీ-3నే తీసుకోండి. అది మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. మొదట్లో వచ్చినవాటికి రైట్ సైక్లోన్ ఇంజిన్లు, తర్వాత వచ్చినవాటిలో ఎక్కువ శాతానికి ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజిన్లు. తొలినాటివాటిలో కొన్నిటికి ప్రయాణికులు ఎక్కే తలుపు కుడివైపు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం సీ-47 పేరుతో వేలకొద్దీ తయారయ్యాయి. యుద్ధం అయ్యాక అవి ఎయిర్‌లైన్ల చేతికొచ్చి, యజమాని మారినప్పుడల్లా రేడియోలు మారి, సీట్లు మారి, ప్యానెల్ మారి, చివరికి ఏ రెండూ ఒకేలా లేకుండా పోయాయి. ఇవాళ ఎగురుతున్న డీసీ-3 కాక్‌పిట్‌లోకి కెమెరా పట్టుకుని వెళ్తే 1943 నాటి స్విచ్ పక్కనే జీపీఎస్ కనబడొచ్చు. మ్యూజియంలో నిలబెట్టినదాంట్లో అసలు మీటర్లు ఎప్పుడో మాయమై, ఆ కంతల్లో దొరికిన మీటర్లేవో బిగించి ఉండొచ్చు.

ఇక్కడ టీమ్‌లు సులువుగా పడే గుంట ఒకటుంది: ప్యానెల్ ఫొటోలు ఒక విమానానివి, ఇంజిన్ అంకెలు ఇంకో మోడల్ మాన్యువల్‌వి, శబ్దం మూడో విమానం దగ్గర రికార్డు చేసింది. కొనేముందు వీడియోలో చూస్తే బ్రహ్మాండంగానే ఉంటుంది. విడుదలైన వారానికే ఒకరొచ్చి ఈ ప్యానెల్‌తో ఈ ప్రొపెల్లర్ ఎప్పుడూ రాలేదంటారు, ఇంకొకరు ఆ ఆయిల్ ప్రెషర్ హద్దులు ఈ ఇంజిన్‌వి కావంటారు. ఎవరి లెక్కలో వాళ్లు కరెక్టే, అందుకే ఎవరికీ జవాబు చెప్పలేని పరిస్థితి. దీనికి బదులు ఒక విమానం, ఒక కాలం ఎంచుకుని, "ఇది ఫలానా సంవత్సరంలో ఫలానా రూపంలో ఉన్నప్పటిది" అని కొనే పేజీలోనే రాసేస్తే సగం వాదనలు పుట్టవు. కొన్నవాళ్లకి నచ్చకపోవచ్చు, కానీ అది బగ్ రిపోర్ట్ మాత్రం అవదు.

రెండో చిక్కు సమాచారం. పాత విమానాల గురించి కాగితాలు దొరకవని చాలామంది అనుకుంటారు. నిజానికి యుద్ధకాలపు పైలట్ మాన్యువళ్లు బాగానే దొరుకుతాయి, పవర్ సెట్టింగులు వాటిలో స్పష్టంగా ఉంటాయి. సీ-47లో వాడిన ఆర్-1830-92 ఇంజిన్‌కి టేకాఫ్‌లో 48 అంగుళాల మ్యానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి ఒత్తిడి), 2,700 ఆర్‌పీఎం, 1,200 హార్స్‌పవర్. ఇందులో అనుమానపడాల్సింది లేదు. రెక్క అడ్డకోత ఆకారం కూడా తెలిసిందే, విమానం ఒంటికి అంటుకునే చోట ఎన్‌ఏసీఏ 2215, రెక్క చివర 2206. ఎన్‌ఏసీఏ అంటే అప్పటి అమెరికా ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ, వాళ్ల పాత రిపోర్టులు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కానీ సిమ్యులేటర్‌కి కావాల్సిన అంకెల్లో కొన్ని పైలట్‌కి ఎప్పుడూ అవసరం రాలేదు కాబట్టి మాన్యువల్లో అస్సలు ఉండవు. మూడు అక్షాల చుట్టూ విమానం తిరగడానికి ఎంత జడత్వం ఉంది, రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) పెడల్ ఎంత తొక్కితే ముక్కు ఎంత వేగంగా కదులుతుంది, గాల్లో ఒక కుదుపు వచ్చాక ఎన్ని ఊపులకి సర్దుకుంటుంది, ఇలాంటివన్నీ బరువుల పంపకం నుంచి లెక్కగట్టాలి, తర్వాత ఆ విమానం నడిపినవాళ్లని కూర్చోబెట్టి సరిచూసుకోవాలి. వాళ్ల జ్ఞాపకం కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. "కంట్రోల్స్ బరువుగా ఉంటాయి" అని అందరూ చెబుతారు, ఎన్ని పౌన్ల బరువు అంటే ఎవరూ చెప్పలేరు. పైగా స్ప్రింగుతో పనిచేసే చిన్న జాయ్‌స్టిక్‌కి ఆ బరువు ఎలా తేవాలో ఎవరికీ తెలియదు.

దొరికే అంకెలతోనూ తిప్పలు ఉన్నాయి. డీసీ-3 గరిష్ఠ వేగం గంటకి 230 మైళ్లు అని ఎక్కడ చూసినా కనబడుతుంది. కొన్నవాళ్లు ఎక్కి, థ్రాటిల్ ముందుకి తోసి, మీటర్ 200 దాటట్లేదని రాస్తారు. ఆ 230 అన్నది 8,500 అడుగుల ఎత్తులో అసలు గాలి వేగం. ఆ ఎత్తులో గాలి పలచన కాబట్టి మీటర్ ముల్లు చూపించేది దాదాపు 200 దగ్గరే. ఇంకా కొన్ని విమానాల్లో మీటర్ మైళ్లలో ఉంటుంది, సిమ్యులేటర్ తెర మీద నాట్లలో చూపిస్తుంది. ఇది ఒక్కసారి మాన్యువల్ మొదటి పేజీలో రాసిపెట్టకపోతే, ఒకే జవాబు ఏళ్ల తరబడి టైప్ చేస్తూనే ఉండాలి.

ఇక నేల మీద నడక. తోక చక్రం ఉన్న విమానాల దగ్గర డెవలపర్‌కి తల ప్రాణం తోకకొస్తుందంటే అది అక్షరాలా నిజం. బరువు కేంద్రం ముందు చక్రాలకి వెనకాల ఉంటుంది కాబట్టి ముక్కు కాస్త పక్కకి తిరిగితే చాలు, వెనకున్న బరువు దాన్ని ఇంకా తిప్పేస్తుంది. అదుపు చేయకపోతే విమానం గిర్రున తిరిగి ఒక రెక్క నేలకి రాసుకుంటుంది. దీనికి ప్రొపెల్లర్ పుణ్యం తోడు. తోక కింద ఉన్నంతసేపు ప్రొపెల్లర్ పళ్లెం వాలి ఉంటుంది, కిందికి దిగే బ్లేడ్ ఎక్కువ లాగుతుంది. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి మెలికలు తిరుగుతూ పోయి తోకని ఒక పక్కన కొడుతుంది. తోక పైకి లేపే క్షణంలో తిరుగుతున్న ప్రొపెల్లర్ బొంగరంలా ఎదురుతిరిగి ముక్కుని మళ్లీ పక్కకి నెడుతుంది. కాక్‌పిట్ నుంచి చూస్తే కుడివైపుకి తిరిగే అమెరికన్ ఇంజిన్లతో ఇవన్నీ ఎడమకి లాగుతాయి. బ్రిటిష్ శిక్షణ విమానం టైగర్ మాత్‌లోని జిప్సీ మేజర్ ఇంజిన్ ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి అది కుడికి లాగుతుంది. అమెరికన్ విమానానికి అలవాటుపడ్డవాళ్లు టైగర్ మాత్‌లో కుడి పెడల్ తొక్కి గడ్డిలోకి వెళ్లిపోయి, రడ్డర్ రివర్స్‌లో ఉందని రిపోర్ట్ పెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈ బలాలన్నీ లెక్క ప్రకారం పెట్టేస్తే అసలు విమానంలా ఉంటుందా అంటే, ఉండదు, అసలుకన్నా కష్టంగా ఉంటుంది. నిజం పైలట్‌కి ముక్కు పక్కకి జారడం కంటికి కనబడకముందే సీట్లో తెలుస్తుంది. ఇంట్లో ఆడేవాళ్లకి ఉన్నది ఒక స్క్రీన్, చాలామందికి రడ్డర్ పెడళ్లు కూడా ఉండవు, జాయ్‌స్టిక్ మెలిపెట్టి సరిపెట్టుకుంటారు. దానికితోడు చక్రాలకీ నేలకీ మధ్య రాపిడి విషయంలో ఏ సిమ్యులేటరూ అంత గట్టిది కాదు. కాబట్టి ఇక్కడ కాస్త సడలింపు ఇవ్వడం మోసం కాదు, పైలట్‌కి శరీరం ఇచ్చే సమాచారం బదులు ఇది. "వంద శాతం రియల్" అని పోస్టర్ మీద రాసుకున్న టీమ్‌లు ఈ సడలింపు ఇవ్వడానికి సిగ్గుపడతాయి, తర్వాత ప్రతి అప్‌డేట్‌లోనూ కొంచెం కొంచెం ఇస్తూ పోతాయి. అదేదో మొదటే ఒక సెట్టింగ్‌గా పెడితే అయిపోయేది.

అసలు సరుకంతా ఇంజిన్‌లో ఉంది. సిమ్యులేటర్‌తో వచ్చే మామూలు పిస్టన్ ఇంజిన్ మోడల్ చిన్న సెస్నాకి సరిపోతుంది: థ్రాటిల్, మిక్స్చర్ (గాలిలో పెట్రోల్ పాళ్లు), పవర్‌ని బట్టి పెరిగే వేడి. ట్విన్ వాస్ప్ లాంటి 14 సిలిండర్ల రేడియల్‌కి (సిలిండర్లు చుట్టూ వలయంలా ఉండే ఇంజిన్‌కి) అది చాలదు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కింది సిలిండర్లలోకి ఆయిల్ దిగుతుంది. దాన్ని ముందు ప్రొపెల్లర్ తిప్పి చూసుకోకుండా స్టార్టర్ నొక్కితే ఆ ఆయిల్ నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్‌కి చల్లగాలి ఆడనిచ్చే కౌల్ ఫ్లాప్స్ మూసి పైకి ఎక్కిస్తే సిలిండర్లు కాలిపోతాయి, తేమ గాలిలో కార్బ్యురేటర్‌లో మంచు పట్టి బయట ఎండగా ఉన్నా పవర్ పడిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాప్‌విత్ కేమెల్ వరకు వెళ్తే కథ ఇంకా వేరు, అందులో క్రాంక్‌షాఫ్ట్ కదలదు, ఇంజిన్ మొత్తం ప్రొపెల్లర్‌తోపాటు గిరగిరా తిరుగుతుంది. పైలట్ బటన్ నొక్కి ఇగ్నిషన్ ఆపుతూ వదులుతూ పవర్ తగ్గించుకునేవాడు. ఇలాంటి ఇంజిన్ ఏ సిమ్యులేటర్ కోర్‌లోనూ రెడీగా దొరికేది కాదు.

అందుకని పట్టుదల ఉన్న టీమ్‌లు ఇంజిన్‌ని సిమ్యులేటర్ బయట సొంత కోడ్‌లో రాసుకుని, ఫలితం మాత్రం లోపలికి పంపిస్తాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో దీనికి వెబ్‌అసెంబ్లీ మాడ్యూళ్లు (కంపైల్ చేసిన కోడ్ ముక్కలు) వాడతారు, ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో ప్లగిన్లు. ఈ నిర్ణయంతో విమానం ప్రాణం పోసుకుంటుంది, సపోర్ట్ పని రెట్టింపవుతుంది.

ఎలాగో ఒక స్టార్టింగ్ చూస్తే తెలుస్తుంది. సీ-47లో మిక్స్చర్ కట్-ఆఫ్‌లో పెట్టి, బూస్టర్ పంప్ వేసి, ప్రైమర్‌తో సిలిండర్లలోకి పెట్రోల్ కొట్టి, స్టార్టర్‌లోని ఫ్లైవీల్‌ని ముందు తిప్పి, దాని కూత సన్నబడ్డాక మెష్ చేసి (ఇంజిన్‌కి తగిలించి), బ్లేడ్లు తిరగడం చూసి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో వేసి, ఇంజిన్ పట్టుకున్నాక మిక్స్చర్‌ని ఆటో-రిచ్‌కి (పెట్రోల్ పాళ్లు ఎక్కువుండే స్థానానికి) తేవాలి. సెస్నాకి అలవాటుపడ్డ చెయ్యి మొదటే మిక్స్చర్ ముందుకి తోసేస్తుంది. పెట్రోల్ ఎక్కువై ఇంజిన్ మునిగిపోతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. చిరాకేసి కంట్రోల్-ఈ నొక్కుతారు, అది సిమ్యులేటర్ సొంత ఆటో-స్టార్ట్. ఆ ఆజ్ఞలు వెళ్లేది సిమ్యులేటర్ సొంత ఇంజిన్‌కి, ఇక్కడ అసలు పనిచేస్తున్నది డెవలపర్ ఇంజిన్. ఒకటి తిరుగుతోందనుకుంటుంది, ఇంకోటి ఆగిందనుకుంటుంది, మీటర్లు పిచ్చెక్కినట్టు ఆడతాయి. సపోర్ట్‌కి వచ్చే టికెట్‌లో, అంటే కంప్లైంట్‌లో, ఉండేది మాత్రం ఒకే ముక్క: స్టార్ట్ కావట్లేదు. మామూలు కీబోర్డ్ ఆజ్ఞలన్నిటినీ మధ్యలో పట్టుకుని సొంత ఇంజిన్‌కి మళ్లించే కోడ్ ఎవరూ మెచ్చుకోరు, ట్రైలర్‌లో కనబడదు, కానీ ఇంజిన్ మోడల్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

హార్డ్‌వేర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాడి వాడి అరిగిన థ్రాటిల్ లివర్ చెయ్యి పెట్టకపోయినా సన్నగా వణుకుతూ సిగ్నల్ పంపిస్తుంది. సెస్నాలో అది ఎవరికీ తెలియదు. మిక్స్చర్‌కి ఆటో-రిచ్, ఆటో-లీన్ అని లివర్ ఆగే గాడులు ఉన్న విమానంలో మాత్రం ఆ వణుకు సరిగ్గా రెండు గాడుల సరిహద్దులో పడితే, ఇంజిన్ సెకనుకి నాలుగుసార్లు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. దీన్ని డెవలపర్ తన కంప్యూటర్ మీద ఎంత వెతికినా పట్టుకోలేడు, అతని లివర్ కొత్తది. సరిహద్దు దగ్గర కొంచెం మేర వదిలేసి, అది దాటాకే మారేలా రాస్తే పోతుంది.

ఇంజిన్ అరుగుదలని ఒక ఫ్లైట్ నుంచి ఇంకో ఫ్లైట్‌కి గుర్తుపెట్టుకునే విమానాలు ఇంకో రకం. నిన్న ఇరవై నిమిషాలు టేకాఫ్ పవర్ మీదే ఎక్కించి, వేడిగా ఉన్న ఇంజిన్‌ని ఉన్నపళంగా కట్టేసి పడుకున్నారు. ఇవాళ ఎక్కితే కుడి ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ తక్కువ, పొగ. కారణం నిన్నటిది కాబట్టి ఎవరికీ తట్టదు, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏదైనా అప్‌డేట్ వచ్చిందంటే నింద దాని మీదే. దీనికి మందు ఒక్కటే, విమానం తన ఒంట్లో ఏముందో చెప్పాలి. మెయింటెనెన్స్ పేజీ ఒకటి పెట్టి, "కుడి ఇంజిన్: గత ఫ్లైట్‌లో సిలిండర్ హెడ్ వేడి హద్దు దాటింది, పిస్టన్ రింగులు అరిగాయి, బాగుచేయాలా?" అని రాస్తే ఆ టికెట్ పుట్టదు. అసలు విమానం ఇలా మాట్లాడదు కదా అని ముక్కు విరిచేవాళ్లుంటారు. అసలు విమానానికి మెకానిక్ ఉంటాడు, ఈ పేజీ చేసేది అతని పనే.

దీనికి అంటుకునే ఇంకో ప్రమాదం, "అది నిజంగానే అంత" అన్న జవాబు. డెవలపర్లకి ఇది చాలా తేలికైన దారి. ఎడమకి లాగుతోందా, అది నిజం. వేడెక్కుతోందా, అది నిజం. అలా అనుకుంటూ పోతే నిజమైన బగ్ కూడా రియలిజం ముసుగులో ఏడాదిపాటు హాయిగా బతికేస్తుంది, ఒక టెంపరేచర్ లెక్కలో గుర్తు తారుమారైనా ఎవరూ చూడరు. ఆ జవాబు ఇవ్వాలంటే మాన్యువల్లో ఆ పేజీ జత చేసి ఇవ్వాలి. పేజీ దొరకకపోతే కంప్లైంట్ నిజమేమోనని మళ్లీ చూడాలి.

మిగతావి త్వరగా. శబ్దానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల సిమ్యులేటర్ వైజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంది, ఎక్స్-ప్లేన్ ఎఫ్‌మాడ్ వాడుతుంది. రెండింటికీ ఒకే విమానం అమ్మాలంటే రికార్డింగులు ఒకటే అయినా వాటిని కూర్చే పని రెండుసార్లు చేయాలి. కాక్‌పిట్ బొమ్మ విషయంలో లేజర్ స్కాన్ వచ్చాక కొలతల గొడవ బాగా తగ్గింది. యుద్ధకాలపు విమానాల్లో మీటర్ల అంకెలు అతినీలలోహిత దీపం కింద వెలిగేవి, అది సరిగ్గా కుదిరితే రాత్రి కాక్‌పిట్ అందమే వేరు. కానీ అందం గురించి టికెట్లు పెద్దగా రావు.

దారి వెతుక్కోవడం మీద మాత్రం వస్తాయి. 1930ల, 40ల అమెరికాలో విమానాలు రేడియో రేంజ్ స్టేషన్ల మీద ఆధారపడి నడిచేవి. దారికి ఒక పక్కకి జరిగితే చెవిలో మోర్స్ కోడ్‌లో 'ఏ' (A) అక్షరం వినబడుతుంది, ఇంకో పక్కకి జరిగితే 'ఎన్' (N), సరిగ్గా దారిలో ఉంటే రెండూ కలిసి ఆగని ఒకే మోత. సిమ్యులేటర్ లోకంలో ఈ స్టేషన్లు లేవు, అది ఇవాళ్టి నావిగేషన్ డేటాతో కట్టింది. పాత ఏడీఎఫ్ (రేడియో స్టేషన్ ఏ దిక్కున ఉందో చూపించే మీటర్) ముల్లు చూపించాల్సిన ఎన్‌డీబీలు, అంటే నేల మీది రేడియో స్టేషన్లు, కూడా నిజం లోకంలో ఒక్కొక్కటే మూసేస్తున్నారు కాబట్టి సిమ్యులేటర్‌లోనూ తగ్గిపోతున్నాయి. కాలానికి తగ్గట్టు కాక్‌పిట్ కడితే ఎటు పోవాలో తెలియదు, జీపీఎస్ పెడితే కాలం పాడుచేశారంటారు. తీసేసే వీలున్న జీపీఎస్ ఇస్తే ఇద్దరూ కాస్త శాంతిస్తారు, కాకపోతే వేరేవాళ్లు చేసిన జీపీఎస్ మాడ్యూల్ వాడితే దాని అప్‌డేట్లకి కూడా జవాబు చెప్పాల్సింది విమానం అమ్మినవాళ్లే.

పైవన్నీ సరిచేసుకున్నాక కూడా చేతిలో లేనిది ఒకటుంది. యాడ్-ఆన్ అన్నది అద్దె ఇంట్లో కట్టుకున్న అలమరా లాంటిది, ఇంటివాళ్లు గోడ జరిపితే దానికి దిక్కులేదు. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్‌ది. దాని వారసత్వంతో వచ్చిన ప్రీపార్3డీ అనే సిమ్యులేటర్ 2017లో నాలుగో వెర్షన్‌తో 64 బిట్‌కి మారినప్పుడు, సీ++లో రాసిన గేజ్‌లన్నీ (కాక్‌పిట్ మీటర్ల కోడ్) మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. సోర్స్ కోడ్ పోగొట్టుకున్నవాళ్ల విమానాలు అక్కడితో ఆగిపోయాయి. 2020లో ఎక్స్-ప్లేన్ 11.50తో బొమ్మలు గీసే కొత్త పద్ధతి వల్కన్‌కి మారింది, పాత ఓపెన్‌జీఎల్ పద్ధతిలో త్రీడీ గీసే ప్లగిన్లకి చిక్కొచ్చింది. 2021 జూలైలో ఎక్స్‌బాక్స్ విడుదలతోపాటే మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ మెమరీ వాడే తీరు బాగా మారింది. విడిగా నడిచే ఎక్స్‌ఈ ఫైల్‌తో ఇంజిన్ లెక్కలు చేయించుకునే విమానానికి ఎక్స్‌బాక్స్ మీద చోటే లేదు. 2024 నవంబర్ 19న మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్యులేటర్ వచ్చేసరికి మళ్లీ అందరిదీ ఒకే ప్రశ్న, పాతది ఇందులో నడుస్తుందా అని.

సిమ్యులేటర్ సొంత మోడల్ మీదే ఆధారపడితే గొడవ ఉండదుగా అంటే, అదీ లేదు. వాళ్లు ప్రొపెల్లర్ లెక్కని బాగుచేసిన రోజున, పాత తప్పుకి సరిపోయేలా నెలల తరబడి సర్దిన మీ అంకెలన్నీ తేడా కొడతాయి. సొంత కోడ్ అయితే తలుపులు మారతాయి, వాళ్ల కోడ్ అయితే లోపల సామాను మారుతుంది. రెండిట్లో తక్కువ నష్టం, సొంత ఇంజిన్ లెక్కని సిమ్యులేటర్ గురించి ఏమీ తెలియకుండా విడిగా రాసుకుని, బయటి లోకంతో మాట్లాడే పని ఒక చిన్న ఫైల్‌కి అప్పగించడం. అప్పుడు ఇల్లు మారినా మార్చాల్సింది ఆ ఒక్క ఫైలే. ఇది కూడా మొదటి నెలలోనే చేయాలి, మూడేళ్ల కోడ్‌ని తర్వాత విడదీయడం దాదాపు కొత్తగా రాసినట్టే.

డబ్బు లెక్క చూస్తే పరిస్థితి ఇంకా ఇరుకు. విమానం ఒక్కసారే అమ్ముడవుతుంది, కానీ కొన్నవాళ్లు అది సిమ్యులేటర్ బతికున్నంత కాలం పనిచేయాలనుకుంటారు, అందులో అన్యాయం కూడా లేదు. 2022 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ తమ సిమ్యులేటర్ 40 ఏళ్ల పండగకి డీసీ-3, గ్రుమ్మన్ గూస్, స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ లాంటి పాత విమానాలని ఉచితంగా ఇచ్చేసింది. ఆ తర్వాత అదే విమానం డబ్బుకి అమ్మాలంటే, అందమైన కాక్‌పిట్ సరిపోదు, ఇంజిన్ లోతు చూపించాలి. లోతు పెరిగితే టికెట్లు పెరుగుతాయి. అమ్మకాలు మొదటి కొన్ని వారాల్లో పోగుపడతాయి, టికెట్లు మాత్రం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. కొత్త సిమ్యులేటర్‌కి అప్‌గ్రేడ్ ధర అడిగిన రోజున తిట్లు పడతాయి, అడగకపోతే జీతాలు పడవు. ఎంతకాలం ఉచిత అప్‌డేట్లు, ఏ సిమ్యులేటర్ వరకు అన్నది కొనే రోజునే రాసి ఉంటే ఆ తిట్లు కొంత తగ్గుతాయి.

టీమ్ చేతులెత్తేసిన తర్వాత ఏమవుతుందన్నది ఎవరూ ముందు ఆలోచించరు. మామూలు విమానానికి ఫ్లైట్ మోడల్, ఇంజిన్ సెట్టింగులు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి, ఓపికున్నవాళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరిచి కొత్త సిమ్యులేటర్‌కి తగ్గట్టు సర్దుకుంటారు, అందుకే సాదాసీదా పాత ఉచిత విమానాలు ఇప్పటికీ ఎక్కడో అక్కడ ఎగురుతున్నాయి. లోపలంతా కంపైల్ చేసిన మాడ్యూల్ అయితే తెరవడానికి ఏమీ ఉండదు, ఒక అప్‌డేట్‌తో ఆగిందంటే ఆగినట్టే. కనీసం హద్దుల అంకెలు, అరుగుదల వేగం, వేడి లెక్కల పట్టికలు కోడ్‌లోంచి తీసి బయట టెక్స్ట్ ఫైల్‌లో పెట్టడానికి అయ్యేది పెద్ద పని కాదు. టీమ్ ఉన్నంతకాలం చిన్న మార్పులకి మళ్లీ కంపైల్ చేయకుండా అదే పనికొస్తుంది, టీమ్ పోయాక కొన్నవాళ్ల చేతిలో కనీసం ఆ పట్టికలైనా మిగులుతాయి.